రూటు దిగని జాయింటు

ఆ రోజు పడవల నుంచి తెచ్చిన చేపల్లో మంచి చందువలన్నీ అసిరమ్మ ఏరి పక్కన పెట్టింది. అరటాకులో చుట్టి, పైన తడిగుడ్డ కప్పింది. మిగిలినవే బుట్టలో వేసుకుంది.

"అయ్యెవురికత్తా?" అంది కోడలు భవాని, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే.

"జగన్నాధం బాబుకి. యార్డు కాడికెల్తన్నాను. మావోడ్ని మల్లీ పన్లోకి ఎట్టుకోమని అడుగుతాను."

జ్వరమని చెప్పి లోపలి గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్న కుసుమకుమారి ఆ మాటకి లేచి కూర్చుంది. ఆమెకు జ్వరం లేదు. నిన్న కూడా లేదు.

"వద్దమ్మా," అంది గుమ్మంలోకి వచ్చి. "నువ్వెల్లకు. బాగోదు."

"బాగోపోడానికి ఏటుంది? దొంగతనానికెల్తన్నానేటి? మీ అన్న పొద్దుట్నుంచీ ఆ ఒడ్డున కూకుని వల సిక్కు తీస్తన్నాడు. అది మీ అయ్య వల. ఆడిది కాదు. ఎల్డింగు సేసీ సేతులు అయ్యి. నాను సూడలేకపోతన్నాను."

వినోద్‌ని యార్డు నుంచి పంపేసినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నా ఎవరూ కడుపునిండా తినడం లేదు. తండ్రి కూర్మయ్య చీకటితో లేచి సముద్రం మీదికి పోతున్నాడు, వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటున్నాడు. వినోద్ భోజనానికి పిలిస్తే వస్తాడు. కంచం ముందు కూర్చుంటాడు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటాడు.

"అత్తని ఆపుతావెందుకు కుసుమా?" అంది భవాని. గొంతు పెంచలేదు. "నువ్వు సెయ్యాల్సిన పని ఆవిడ సేస్తన్నాది. నువ్వు లోపల ఏసీ గదిలో కూకుంటావు. ఆ పెద్దాయన పక్కనే నీ కుర్చీ. మీ అన్నని గేటు బయటికి పంపించీసినప్పుడు ఒక్క మాట సెప్పలేకపోనావా?"

"అదలగుండదు వదినా."

"మరెలగుంటాది? సెప్పు, ఇంటాను. సదువుకోనేదు కదా నాను."

కుసుమ తలుపు చెక్క మీద ఊడిపోతున్న రంగుపెచ్చుని గోటితో గీకుతూ నిలబడింది.

"మీ అన్న గాజువాకలో పని సేసీటప్పుడు ఇంటికి రావాలంటే పండగ రావాల. గుజరాతులో ఉన్నప్పుడు మా నాన్న పోతే కూడా సమయానికి రాలేకపోనాడు. ఇక్కడ యార్డెట్టినారు, సెల్లి కూడా అక్కడికే వస్తాదట అని ఎంత సంబరపడినాడు. ఇప్పుడు ఆ సెల్లే జొరమని దుప్పటి కప్పుకుంటాది."

"ఒసే భవానీ, ఊరుకో," అంది అసిరమ్మ. "గుంటనేటంటావు. పెద్దోల్ల ముందు అదేటి మాటాడగలదు? అందుకే నానెల్తన్నాను. కుసుమా, సీర మార్సుకో. నువ్వు నా ఎనకాల నిలబడితే సాలు. మాటాడ్డం నాకొదిలీ."

* * *

ఆటోలో తల్లి పక్కన, తడిగుడ్డ కింద చేపల వాసనలో కూర్చున్నంతసేపూ కుసుమకి ఆ ఫిల్ము ఒక్కటే కళ్ళ ముందు ఉంది.

పాలిటెక్నిక్‌లో వెల్డింగ్ టెక్నాలజీలో చేరుతానన్నప్పుడు పేటలో నవ్వనివాళ్ళు లేరు. గేట్లు అతకడానికి కూడా కాలేజీ కావాలా అన్నారు. మీ అన్న ఏ కాలేజీలో చదివాడన్నారు. నవ్వనివాడు వినోద్ ఒక్కడే. నరసన్నపేటలో గ్రిల్సు షాపులో పని నేర్చుకున్న రోజుల్లోనే ఆమె చేతికి వెల్డింగు హోల్డరు ఇచ్చి, తన చెయ్యి దాని మీద పెట్టి మొదటి గీత వేయించినవాడు అతనే. చదువు మొదలయ్యాక ఆమె ఏ లోహం ఎంత వేడికి ఎలా మారుతుందో చెబితే, వినోద్ అన్నం తింటూ ఆగిపోయి వినేవాడు. "అందుకేటే అది పగిలిపోద్ది" అనేవాడు, ఎప్పటిదో ఒక జాయింటు గుర్తొచ్చి.

ఆ చదువుకి దారులు చాలా ఉన్నాయని చేరాకే తెలిసింది. ఆమె క్లాసులో ఒకడు చెన్నై దగ్గర కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ అతికేది రోబో మరచెయ్యి, దానికి దారి చెప్పడం అతని పని. దుర్గ అని, ఆమె స్నేహితురాలు, విశాఖలో ఓడలు కట్టేచోట చేరింది. ఏ రేకుని ఏ కరెంటుతో, ఏ వరసలో అతకాలో ముందే రాసిపెట్టే పని. కుసుమకి మాత్రం చూడ్డం ఇష్టం. పైకి నున్నగా కనిపించే అతుకు లోపల ఎలా ఉందో ఎక్స్‌రే ఫిల్ములో చదివే పని. చివరి సెమిస్టరు శిక్షణకి ఈ యార్డుకి వచ్చింది అందుకే. ఇది బాగా పూర్తయితే అక్కడ తనిఖీలన్నిటికీ పెద్దయిన జగన్నాధం గారే పరీక్షకి పంపిస్తానన్నారు. ఆ పరీక్ష గట్టెక్కితే ఇన్‌స్పెక్టరు.

యార్డులో పైపులు అతికి పెద్ద ఫ్యాక్టరీలకి పంపిస్తారు. ప్రతి జాయింటుకీ ఫిల్ము తియ్యరు. ఒక్కొక్క వెల్డరు చేసినవాటిలో కొన్నింటికి తీస్తారు. అందులో ఒకటి చెడితే అదే వెల్డరువి మరికొన్ని తీస్తారు. జాయింటు పక్కన వెల్డరు నెంబరు కొట్టి ఉంటుంది, అది ఫిల్ములోనూ పడుతుంది. వినోద్ నెంబరు పదిహేడు.

ముందుగా ఫిల్ము చూసి బాగుందనో బాగోలేదనో రాసేది కుసుమ. ఆ తర్వాత జగన్నాధం గారు చూసి సంతకం పెట్టాలి. లారీ బయల్దేరాల్సిన రోజు ఫిల్ములు కట్టలు కట్టలుగా వచ్చాయి. ఆయన ఆమె రాసినదాన్ని నమ్మి చకచకా సంతకాలు పెట్టేశారు.

ఆ కట్టలో ఒకదాంట్లో, అతుకు నడిమధ్య, సన్నగా నల్లగా తిన్నగా ఒక గీత కనిపించింది. రూటు దిగలేదు. అంటే పైపు అంచులు రెండూ అడుగున కలవలేదు. మొదటి సంవత్సరంలోనే పుస్తకంలో ఉండే బొమ్మ అది. దాని పక్కనే పదిహేడు.

ఫిల్ము మీద గీరుపడి ఉంటుందిలే అనుకుంది కుసుమ. అలా అనుకోవడం ఎంత తేలికైందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమె ముఖం మండుతుంది. గీరో కాదో తెలుసుకోవడం పెద్ద పని కాదు. ఫిల్ముని కాస్త వంచి వెలుగులో పక్కగా చూస్తే తెలిసిపోతుంది. ఆమె వంచి చూడలేదు. బాగుందని రాసి కింద పెట్టేసింది.

తర్వాతి వారం కొన్నవాళ్ళ తరఫు మనిషి వచ్చి, పాత ఫిల్ములు తిరగేస్తూ దాని దగ్గర ఆగిపోయాడు. ఆ జాయింటుని ఫ్యాక్టరీలోనే కోయించి మళ్ళీ వేయించారు.

* * *

గేటు దగ్గర సెక్యూరిటీ అతను లోపలికి ఫోన్ చేశాడు. జగన్నాధం గారు పిలిపించుకోకుండా తనే బయటికి వచ్చారు. పొట్టిగా, జేబులో కళ్ళజోడుతో, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చి అసిరమ్మకి నమస్కారం పెట్టారు. కుసుమ వైపు చూడలేదు.

"బాబూ, మావోడు ఏటి తప్పు సేసినాడో నాకు తెల్దు," అంది అసిరమ్మ. "అతుకు సరిగా నేదన్నారు. సేతిపని అన్నాక ఒకటి అటూ ఇటూ అవుతాది కదా."

"అవుతుందమ్మా. అయితే కోసి మళ్ళీ చేయించుకుంటాం. దానికి మనిషిని పంపెయ్యం. అందుకే కదా ఫిల్ము తీసేది."

"మరి తీసినప్పుడు సూడనేదేటి?"

జగన్నాధం గారు జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"చూశాం. మా దగ్గరే జారిపోయింది. కొనేవాళ్ళే వచ్చి పట్టుకున్నారు. వాళ్ళు ఎవరో ఒకరిని పంపెయ్యమని పట్టుపట్టారు. సంతకం నాది కాబట్టి ఆ మాటలు నేనూ పడ్డాను. వినోద్ మంచి పనివాడమ్మా. అతన్ని పంపడం నాకూ ఇష్టం లేదు."

"మీరు పెద్దోలు, మీకు ఏ పనుల్లో ఉండి సూపు తప్పిందో," అంది అసిరమ్మ. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే ఆయన మీద జాలిపడింది. "మా గుంటకి ఇచ్చుంటే బాగున్ను బాబూ. అది సదివిన సదువు అదే కదా. సీకట్లో వల ముడి ఎక్కడుందో సెప్పీగలదు. అది సూసుంటే అప్పుడే సెప్పీసును. అన్నయినా ఊరుకోదది. సిన్నప్పట్నుంచీ అంతే."

కుసుమ కళ్ళు నేల మీద ఉన్నాయి. జగన్నాధం గారి బూట్లు కనిపిస్తున్నాయి, వాటి మీద ఇసుక రంగు దుమ్ము. ఆ బూట్లు కదలలేదు. ఇప్పుడు చెప్పేస్తారు అనుకుంది. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకుంది.

ఆయన చెప్పలేదు.

"మీ అమ్మాయికి మంచి కన్నుందమ్మా," అని మాత్రం అన్నారు.

అసిరమ్మ అరటాకు పొట్లం ముందుకు చాచింది. "సందువలు బాబూ. పొద్దున్నే ఒడ్డుకొచ్చినయి. ఇంట్లో అమ్మగారికియ్యండి."

ఆయన చేతులు వెనక్కి పోయాయి. "ఇది నేను తీసుకోకూడదమ్మా. మరోలా అనుకోకండి. ఈ ఉద్యోగంలో ఇలాంటివి తీసుకోకూడదు."

అసిరమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆకు అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. సెక్యూరిటీ అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. కుసుమే ముందుకు వచ్చి తల్లి చేతిలోంచి పొట్లం తీసుకుంది.

అప్పుడు మొదటిసారి ఆయన ఆమెతో మాట్లాడారు.

"నీకు ఒంట్లో బాగోలేదని రాశావు. బాగయ్యాక ఆ కుర్చీలోకి వస్తావో రావో నువ్వే చెప్పాలి. నేను అడగను."

"సార్..."

"ఇప్పుడు కాదు. ఆలోచించుకుని చెప్పు."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

వచ్చిన దారినే నడిచి అసిరమ్మ ఆటోల దగ్గరికి వచ్చాక ఆగింది.

"లంచమనుకున్నాడేటే?"

"కాదమ్మా."

"నాను లంచం ఇయ్యనేదే. ఎవురింటికెల్లినా వట్టి సేతుల్తో ఎల్లం కదా, అలగే ఒట్టుకెల్లాను." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "నీ పరువు తీసీసినానా?"

"నేదమ్మా, నేదు," అంది కుసుమ. అంతకుమించి ఏమన్నా ఏడుపొచ్చేస్తుందని ఆటోని పిలిచింది.

* * *

పొద్దు వాలుతుండగా కుసుమ ఒడ్డుకి వెళ్ళింది. పడవలు లాగి పెట్టిన చోట, నీడ పట్టున వినోద్ వల ముందు వేసుకుని కూర్చున్నాడు. నిప్పురవ్వల మచ్చలున్న అతని చేతులు నైలాను దారాల్లో మొరటుగా తిరుగుతున్నాయి.

"అమ్మ ఎల్లిందటగా," అన్నాడు తలెత్తకుండా. "మీ వదిన సెప్పింది. ఆవిడెందుకెల్లాలి? నువ్వెందుకు తీసికెల్లాలి?"

"ఆపినాను. ఇననేదు."

"ఏటన్నాడాయన?"

"నువ్వు మంచి పనోడివన్నాడు."

వినోద్ నవ్వలేదు. కుసుమ అతనికి ఎదురుగా ఇసకలో కూర్చుంది. 

"అన్నియ్యా, ఆ ఫిల్ము ముందు సూసింది నానే."

అతని చేతులు ఆగలేదు.

"గీత కనిపించింది. నీ నెంబరు కూడా కనిపించింది. బాగుందని రాసీసినాను. అప్పుడే సెడ్డదని రాసుంటే అది కోసి నీ సేతే మల్లీ ఏయించుదురు. నీ పని పోయేది కాదు. తర్వాత ఆయన నన్నేటీ అననేదు. మాటలన్నీ ఆయన పడినాడు, నువ్వు గేటు బయటికొచ్చీసినావు. నాను కుర్చీలో కూకునే ఉన్నాను. వదిన అన్నన్ని మాటలంటంటే కూడా నోరు తెరవనేదు."

"నాకు తెలుసు," అన్నాడు వినోద్.

"ఏటి తెలుసు?"

"ఫిల్ము నువ్వే సూసుంటావని. సూసి ఒదిలీసుంటావని."

అతను వల పక్కకి నెట్టాడు. సముద్రం వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆ జాయింటు దిగనేదని ఏసినప్పుడే నాకు తెలిసిపోయింది. సప్పుడు తెలిసిపోద్ది, సెయ్యి తెలిసిపోద్ది. గాజువాకలో ఉన్నప్పుడైతే ఎవుడు సూస్తాడో తెల్దు, భయ్యం ఉండీది. అనుమానం వస్తే గ్రైండరెట్టి కోసీసి మల్లీ ఏసీవోడ్ని. ఎంత రాత్రయినా సరే. ఆ దినం ఫోర్‌మేను లారీ నిలబడిపోనాదని మీద మీదకొచ్చీస్తన్నాడు. కోసీద్దామనే గ్రైండరు తీసినాను." అతను ఆగాడు. "అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు. ఫిల్ము సూసీది మా సెల్లే కదా అనుకున్నాను. గ్రైండరు కింద ఎట్టీసినాను."

కుసుమ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. తాను చేసింది తప్పే అయినా, అన్న కోసం చేశానన్న ఊరట ఒకటి ఇన్నాళ్ళూ ఆమెకి మిగిలి ఉంది. తాను ఆ కుర్చీలో కూర్చోకపోయి ఉంటే అతను ఆ జాయింటు కోసి మళ్ళీ వేసేవాడు. ఆ ఊరట ఇప్పుడు లేదు.

"మొహం సూపించలేక ఇక్కడ కూకుంటన్నాను," అన్నాడు వినోద్. "పని పోయిందని కాదే."

పక్క పడవలో ఎవరో ఐసు దంచుతున్నారు. కుసుమ మోకాళ్ళ మీంచి తలెత్తింది.

"అదొక్కటేనా?"

అతను వల మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

"అన్నియ్యా, నిన్నే. గ్రైండరు కిందెట్టీసింది ఆ ఒక్కదానికేనా?"

"తర్వాత నావి ఇంకా ఫిల్ములు తీసినారు కదా. బాగానే ఉన్నయి."

"తీసినవి యార్డులో ఉన్నవాటికి. లారీ ఎక్కీసినవాటికి కాదు."

వినోద్ మెడ వంచాడు. అలా వంచడం చూశాకే ఆమెకి జవాబు తెలిసిపోయింది. అయినా అతను చెప్పేదాకా ఆగింది.

"ఇంకొకటుంది," అన్నాడు చివరికి. "వంపు కాడ. సెయ్యి దూరని సోటది. మొదటిది సెల్లే సూస్తాదనుకున్నాక, రెండోదానికి అంత కూడా ఆలోసించనేదు."

"లారీ ఎక్కడికెల్లింది?"

"విజయనగరం అవతల కొత్త ఫ్యాక్టరీకి. ఆవిరి లైను. బిగించి నీల్లు నింపి పరీక్ష కూడా సేసినారట. ఆగిందన్నారు. ఏటీ అవదేమోనే."

"నీల్లకి ఆగినవన్నీ ఆవిరికి ఆగవు. ఆ వేడికి పైపు సాగుతాది, అడుగున ఆ గీత ఉంటే అక్కడే నోరు తెరుస్తాది." క్లాసులో అప్పజెప్పినట్టు అనేసి, తన గొంతుకి తనే సిగ్గుపడింది. "ఆవిరి ఎప్పుడొదుల్తారు?"

"సోమారమని ఫోర్‌మేను అన్నాడు. ఇంకా టయిముంది."

"సెప్పాలి."

"సెప్తే నాకింక ఏ యార్డులోనూ నెంబరియ్యరు. నీకా పరీక్ష నేదు, ఉద్యోగం నేదు. ఇద్దరం పోతాం కుసుమా. అమ్మకేటని సెప్తాం?"

"ఆ పైపు కింద నడిసీవోల్లు ఉంటారు కదా అన్నియ్యా."

అతను అరచేతులతో మొహం గట్టిగా రుద్దుకున్నాడు. ఆ చేతులు తియ్యకుండానే అన్నాడు.

"ఉంటారు. మనోల్లే. నాతోపాటు పని సేసినోల్లు ముగ్గురు ఆ సైటుకే ఎల్లారు." కాసేపాగి, "ఫోను సెయ్యి. నా పేరే సెప్పు. నువ్వు ఫిల్ము సూసిన సంగతి సెప్పకు. నీకైనా..."

కుసుమ నెంబరు నొక్కింది. రెండుసార్లు మోగిందో లేదో జగన్నాధం గారు ఎత్తారు.

"చెప్పు కుసుమా."

"సార్, ఆ ఫిల్ములో గీత నాకు కనిపించింది. కనిపించే బాగుందని రాశాను. మీకు తెలుసు కదా సార్."

"తెలుసు. నువ్వు చెప్పాలని చూస్తున్నాను." ఆయన గొంతు మెత్తబడింది. "సరే, రేపు వచ్చాక..."

"అది కాదు సార్. ఇంకొకటి ఉంది. లారీలో వెళ్ళిపోయింది. వంపు దగ్గర జాయింటు. అది కూడా దిగలేదట."

అటువైపు కుర్చీ కీచుమని జరిగిన చప్పుడు వినిపించింది.

"ఎవరు చెప్పారు?"

వినోద్ లేచి నిలబడ్డాడు. చెయ్యి చాచాడు, ఫోన్ కోసం. కుసుమ ఇవ్వలేదు.

"చేసినవాడే సార్. నా పక్కనే ఉన్నాడు. సోమవారం లోపల ఆ లైను ఆపించండి."

జగన్నాధం గారి వైపు నుంచి ఏదో ఫోన్ కోసం తడుముకుంటున్నట్టు, ఎవరినో కేకేసి పిలిచినట్టు చప్పుళ్ళు మాత్రం వచ్చాయి.

"సార్? వినపడుతోందా?"

"సోమవారం దాకా ఆగలేదమ్మా వాళ్ళు," అన్నారు. "మధ్యాహ్నమే ఆవిరి వదిలేశారు. నువ్వు ఫోన్ పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు."

కుసుమ ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. అవతల ఆయన వేరే ఫోన్‌లో ఆ ఫ్యాక్టరీకి చేస్తున్నారు. అది మోగుతున్న చప్పుడు సన్నగా ఇక్కడికి వినిపిస్తోంది. ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. ఎవరూ ఎత్తడం లేదు.

"ఏటన్నాడే?" అంటున్నాడు వినోద్. "కుసుమా, ఏటన్నాడో సెప్పవేటే?"